గాలం వేసేవాళ్లం చెరువుకు ఎంత కడుతున్నాం?

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ఆదివారం వచ్చిందంటే గాలం పట్టుకుని చుట్టుపక్కల ఏదో ఒక చెరువు కట్ట మీద కూర్చుంటాను, ఇది నాకు బతుకుదెరువు కాదు, సరదా. నాలాంటివాళ్లు ఇప్పుడు వరంగల్ చుట్టూ చాలామంది అయ్యారు, వాళ్లందరి కోసమే ఈ ఉత్తరం.

పోయిన వానాకాలంలో ఒక చెరువు మత్తడి దగ్గర చూసింది ఇంకా మనసులోంచి పోవడం లేదు. కొర్రమట్ట పిల్లలు నీళ్ల మీద ఎర్రగా గుంపుగా కదులుతుంటాయి, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. గుంపు దగ్గరికి ఏదొచ్చినా అది ఆకలితో కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి మీదపడి కరుస్తుంది. అది తెలిసిన కుర్రాళ్లు సరిగ్గా ఆ గుంపు మీదికే గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను విసిరారు, మూడోసారికే పెద్దది చిక్కింది, ఫోటోలు దిగారు. పిల్లల సంగతి ఎవరూ చూడలేదు. కాపలా పోయాక వాటిని మిగతా చేపలు, కొంగలు బతకనివ్వవు. ఒక్క గాలానికి వందల పిల్లలు పోయినట్టే. మన రాష్ట్ర చేప అని చెప్పుకునేది దీన్నే కదా!

అమెరికాలో 1950లోనే ఒక చట్టం తెచ్చారు. గాలాలు, రీళ్లు తయారుచేసే కంపెనీలు 10 శాతం పన్ను కట్టాలి, ఆ డబ్బు చేపల సంరక్షణకే రాష్ట్రాలకు వెళ్తుంది. 1984లో మోటారు బోట్లలో పోసే పెట్రోలు మీది పన్నును కూడా అందులో కలిపారు. టెక్సాస్ తీరంలో వలల దెబ్బకు రెడ్ డ్రమ్ అనే చేప తగ్గిపోతుంటే 1977లో గాలం వేసేవాళ్లే సంఘం పెట్టి కొట్లాడారు, 1981లో అక్కడ పట్టిన ఆ చేపను అమ్మకూడదని చట్టం వచ్చింది. అలాంటి సంఘాల పోటీలకు బోట్లు కట్టే కంపెనీలు బోట్లనే బహుమతులుగా ఇస్తాయి. చేప లేకపోతే వాళ్ల బోటు కొనేదెవరు?

అంత దూరం ఎందుకు, కాకినాడ వైపు చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్లు సముద్రంలోకి పోవు, గుడ్లు పెట్టే కాలమని. ఆ వేట మీదే ఇల్లు గడిచే కుటుంబాలు రెండు నెలలు ఆగుతుంటే, సరదాకు పట్టే మనం ఆషాఢం, శ్రావణం ఆగలేమా?

ఇంకో మాట. ఆ చెరువులో చేప పిల్లలు పోయించుకునేది, రాత్రిళ్లు కాపలా కాసేది, తెప్పల మీద తిరిగి వలలు వేసేది మత్స్యకారుల సొసైటీలోని ముదిరాజ్, గంగపుత్ర అన్నలు. మనం రూపాయి ఇవ్వకుండా నాలుగు కిలోలు పట్టుకుని బండెక్కుతాం. నేనూ ఇన్నేళ్లు అదే చేశాను, అది తప్పు.

మత్స్యశాఖ గాలం వేసేవాళ్లకు రోజుకు ఇంతని ఫీజు పెట్టి, ఆ డబ్బు సొసైటీకే చేరేలా చూడాలి. పిల్లలతో ఉన్న కొర్రమట్ట మీద గాలం వెయ్యొద్దని చెరువు కట్టల మీద రాయించాలి. గాలాలు అమ్మే షాపులవాళ్లు, సొసైటీలకు ఫైబర్ పడవలు చేసిచ్చేవాళ్లు కూడా తమ దుకాణాల్లో అదే బోర్డు పెట్టాలి. ఫీజు ఎప్పుడు పెడతారో కానీ, వచ్చే ఆదివారం నుంచి నేను కూర్చున్న చెరువు సొసైటీకి వంద రూపాయలు ఇచ్చాకే గాలం తీస్తాను.

- ఒక పాఠకుడు, హనుమకొండ