గణిత ఉపాధ్యాయుల ఆన్‌లైన్ అభ్యసన బృందం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఆదివారం వదులుకుని సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. గది ఇచ్చిన ప్రధానోపాధ్యాయురాలికి, పొద్దున్నే వచ్చి కుర్చీలు వేయించిన అటెండరు గారికి, రాత్రి తొమ్మిదింటికి అడిగినా సందేహం తీర్చిన సీనియర్ స్కూల్ అసిస్టెంట్లకు (ఉన్నత పాఠశాల సబ్జెక్టు టీచర్లకు), రిటైరయ్యాక కూడా బృందాన్ని వీడని పెద్దలకు ముందుగా కృతజ్ఞతలు.

మన ఆశయాలు అందరికీ తెలిసినవే. చాలా ఉన్నత పాఠశాలల్లో లెక్కలకు ఒక్కరే ఉంటారు. పాఠం పిల్లలకు ఎక్కకపోతే స్టాఫ్‌రూమ్‌లో ఆ మాట ఎత్తడానికి ఇంకో లెక్కల మాస్టారు ఉండరు. ఏడాదంతా మనం చేసిన పని ఆ లోటు పూడ్చడానికే.

జూన్‌లో వాట్సాప్ గ్రూపును చక్కదిద్దాం. సర్క్యులర్లు, సీనియారిటీ జాబితాలు, శుభోదయాల మధ్య పాఠం గురించిన ప్రశ్న కనబడకుండా పోయేది. కొత్తగా చేరినవారికి పాత చర్చ అందేది కాదు. అందుకని వాట్సాప్‌ను అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపుగా ఉంచి, చర్చను టెలిగ్రామ్‌కు మార్చాం. అక్కడ తరగతికొక విభాగం ఉంది. 'భిన్నాలు' అని వెతికితే జూన్ నుంచి జరిగిన చర్చంతా వస్తుంది.

ప్రశ్న అడిగే తీరు కూడా మార్చాం. 'ఈ పాఠం ఎలా చెప్పాలి?' అంటే వీడియో లింకు తప్ప జవాబు రావడం లేదు. ఇప్పుడు తరగతి, అధ్యాయం, పిల్లవాడు రాసిన జవాబు ఫొటో, మనం అప్పటికే చేసి చూసింది, ఈ నాలుగూ ఉండాలి. ఫొటోలో పిల్లల పేరు, రోల్ నంబరు, ముఖం కనిపించకూడదు. ఈ నియమం తప్పిన పోస్టులను తీసేశాం, ఇకపైనా తీసేస్తాం.

ఫైళ్లతో వచ్చిన పెద్ద చిక్కు 'అను' ఫాంట్లు, అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. కంప్యూటర్లో చక్కగా ఉన్న ప్రశ్నపత్రం ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. వెతికినా దొరకదు. కాబట్టి యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. కుదరకపోతే పీడీఎఫ్ చేసి, ఫైలు పేరులో తరగతి, అధ్యాయం రాయండి.

రెండో, నాలుగో శనివారాల్లో గూగుల్ మీట్‌లో కలిశాం. ఉచిత ఖాతాలో ఇద్దరు దాటితే గంటకే ఆగిపోతుంది కాబట్టి 45 నిమిషాలకు కుదించాం: పది నిమిషాలు సమస్య చెప్పడం, పాతిక చర్చ, చివరి పది నిమిషాల్లో ఎవరి తరగతిలో ఏం చేసి చూడాలో పేర్లు రాసుకోవడం. ఈ చివరి పది నిమిషాలూ వదిలేసిన సమావేశాల నుంచి తరగతి గదికి ఏమీ చేరలేదు. ఉచిత ఖాతాలో రికార్డింగ్ ఉండదు. అరపేజీ సారాంశం రాసే బాధ్యత వంతులవారీగా వేసుకున్నాం.

ఈ సంవత్సరం మనమంతా గర్వంగా చెప్పుకోదగ్గది డిసెంబరు 22, జాతీయ గణిత దినోత్సవం నాటి సమావేశం. దాని వెనుక మూడు నెలల పని ఉంది. ½ + ⅓ = 2/5 అని రాసిన ఒక నోటుపుస్తకం ఫొటోతో అది మొదలైంది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేశారు. దీన్ని కాగితపు పట్టీలతో చేసి చూపిద్దామని ఒక సభ్యురాలు అన్నారు. మొదట 10 సెం.మీ. పట్టీ తీసుకుంటే మూడో వంతు స్కేలు మీద కుదరలేదు. మరో సభ్యురాలు 24 సెం.మీ. సూచించారు: సగం 12, మూడో వంతు 8, ఆరో వంతు 4. మూడు సెం.మీ. వెడల్పుతో కోస్తే ఒక ఏ4 కాగితానికి ఏడు పట్టీలు వస్తాయి. నలభై మందికి తలా మూడు చొప్పున 18 కాగితాలు చాలు. సగం ముక్క, మూడో వంతు ముక్క పక్కపక్కన పెట్టి, 4 సెం.మీ. ముక్కలతో కొలిస్తే సరిగ్గా ఐదు పడతాయి. అంటే 5/6. 2/5 అయితే సగం కన్నా తక్కువ కదా అని పిల్లలే అనాలి, మనం చెప్పేయకూడదు. మూడో వంతును మడిచి చేయిస్తే ముక్కలు సమానంగా రావు, స్కేలుతో గీయించాలి. పట్టీల వెడల్పు తేడా వస్తే పిల్లలు ముక్క సైజు చూసి పొరబడతారు. వేర్వేరు బడుల్లో చేసి చూసి, తప్పులు దిద్దిన ఈ పాఠాన్ని ఆ రోజు అందరి ముందు చేసి చూపించారు. పట్టీలు కోసిపెట్టిన ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మిత్రులకు, భోజనాలు చూసుకున్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు.

బాధ కలిగించినవి కూడా చెప్పాలి. ఫైళ్లను వరుసలో పెట్టడానికి పేర్లిచ్చినవారిలో ఎక్కువమంది ఆగస్టు తర్వాత కనిపించలేదు. ఆ భారమంతా ఇద్దరి మీదే పడింది. ఫైళ్లు దించుకునేవారు చాలామంది, తరగతిలో వాడాక ఏమైందో రెండు వాక్యాలు రాసేవారు కొద్దిమంది. ఆ రెండు వాక్యాలు లేకే మంచి పాఠాలు సగంలో ఆగాయి. జాతీయ విద్యావిధానం 2020 ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తిపర అభివృద్ధి ఉండాలంటోంది. మన శనివారాలను అందులో లెక్కించమని పై కార్యాలయానికి మూడు వినతిపత్రాలు ఇచ్చాం. రసీదు తప్ప జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. ఖర్చంతా జిరాక్సులు, డిసెంబరు భోజనాలు, ఉచితంగా వచ్చే 15 జీబీ నిండాక ఫైళ్ల కోసం కొన్న గూగుల్ డ్రైవ్ స్థలానిదే.

ఆరు, ఏడు తరగతుల ఫైళ్లకు ఇంకా బాధ్యులు లేరు. వారానికి గంట కేటాయించగలవారు ఈ రోజు సమావేశం నుంచి లేచే లోపు సంయుక్త కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి