ఇటాలియన్ మాటకు ఇంగ్లీషు యాస ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇటలీ వంటల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. వ్యాసం బాగుంది గానీ, ‘గ్నోచి’, ‘బ్రుషెట్టా’ అన్న మాటల దగ్గర పంటికింద రాయి తగిలింది. మొదటిది ‘న్యొక్కి’, రెండోది ‘బ్రుస్కెత్త’. ఇటాలియన్‌లో ‘సి’ అక్షరం ఇ, ఎ అచ్చుల ముందు ‘చ’గా పలుకుతుంది, నడుమ ‘హెచ్’ చేరితే మళ్లీ ‘క’ అవుతుంది. ‘జి’, ‘ఎన్’ జంటగా వస్తే అది మన ‘ఞ’. ఇంగ్లీషులోలాగా ఒక్కో మాటకు ఒక్కో లెక్క ఉండదు.

అంతకన్నా నన్ను బాధపెట్టేవి ట, డలు. ఇటాలియన్ త, దలు మనవాటిలాగే నాలుక కొస పళ్లకు తగిలి పుట్టేవి. చేతిలో ఆ అక్షరాలు ఉండి కూడా ‘డాంటే’, ‘టిరమిసు’ అని రాస్తున్నామంటే, ఇటలీ మాటను ఇంగ్లీషువాడి నోట విని రాసుకుంటున్నామన్నమాట. ‘దాంతె’, ‘తిరమిసూ’ అనడానికి మనకేం అడ్డు? లియొనార్దొ పేరులోని ఊరు కూడా ఫ్లారెన్స్ దగ్గరి ‘వించి’ గానీ ‘విన్సీ’ కాదు. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని సభల్లో చెప్పుకుని పొంగిపోతాం. ఆ పొగడ్తను సైతం ఇంగ్లీషులోనే చెప్పుకుంటాం.

మూడేళ్ల క్రితం బొలోన్యాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు కొన్నాళ్లు ఇటాలియన్ తరగతికి వెళ్లాను. అక్కడ ‘పాల’ అంటే మట్టి ఎత్తే పార, ‘పల్ల’ అంటే ఆడుకునే బంతి. ‘సేతె’ దాహం, ‘సెత్తె’ ఏడు. పంతులమ్మ గారు ‘పల్-ల’, ‘సెత్-తె’ అని విడదీస్తూ, ఆ విరుపు దగ్గర అరచేత్తో బల్ల మీద చరిచేవారు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ ఒత్తు దగ్గర తంటాలు పడుతుంటే, ‘కల’కూ ‘కల్ల’కూ తేడా ఎరిగిన నాకు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువవుతుందని బడిలో వల్లెవేసిన నాకు, అందులో కొత్తగా నేర్వవలసిందేమీ కనిపించలేదు. పంక్తి చివర ‘పాస్తా’ను విరవాల్సివస్తే వాళ్లు ‘పా-స్తా’ అనే విరుస్తారు. మన లిపీ ‘స్తా’ను ఒకే అక్షరంగా కడుతుంది.

మాటల పుట్టుకలోనూ ఈ చుట్టరికం కనిపిస్తుంది. లాటిన్‌లో ఎనిమిదిని చెప్పే ‘ఒక్తో’ ఇటాలియన్‌లో ‘ఒత్తొ’ అయింది, రాత్రిని చెప్పే ‘నొక్తెమ్’ ‘నొత్తె’ అయింది. ముందరి హల్లు వెనకటి హల్లులో కలిసిపోయి ద్విత్వం మిగిలింది. మన ‘భక్తి’ ‘బత్తి’ అయినదీ ఇలాగే. పాలను చెప్పే ‘లక్తెమ్’ అక్కడ ‘లత్తె’. ఇది తెలియక ఒక కాఫీ దుకాణంలో ‘లత్తె’ అడిగి, గ్లాసెడు వట్టి పాలు తాగి వచ్చాను.

రోమ్, వెనిస్ వంటి స్థిరపడిన పేర్లను మార్చమని నేను అడగను. ‘పాస్తా’నూ అలాగే ఉండనివ్వండి, అక్కడివారి ఉచ్చారణకు దగ్గరగా ‘పస్త’ అని రాస్తే మనవాళ్లకు పస్తులు గుర్తొస్తాయి. కొత్తగా వచ్చే ఇటాలియన్ పేర్లనైనా ఇంగ్లీషు స్పెల్లింగును బట్టి కాక, ఆ భాష పలుకుబడిని ఒకసారి విని అచ్చువేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి.