మైపాడు ఇసకలో మంచు పాఠం చెప్పిన హవల్దారు గారికి

చలికాలం ట్రెక్కులకు నెల్లూరు, ఒంగోలు నుంచి ఉత్తరాఖండ్, హిమాచల్ బయల్దేరే మా అందరి తరఫున గిద్దలూరు రిటైర్డ్ హవల్దారు గారికి నమస్కారాలు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యట్లేదు. రెండు ఆదివారాలు సొంత ఖర్చుతో వచ్చి మంచుచరియల సంగతి నేర్పారు. రాలేకపోయినవాళ్ళ కోసం ముఖ్యమైనవి ఇవి.

మరీ నిటారు కొండ మీద మంచు నిలవదు, పడింది పడినట్టే జారిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే బాగా పేరుకుని, ఒక్కసారిగా పలకలా తెగుతుంది. మీరు నడిచే దారి చదునుగా ఉన్నా పైన అలాంటి వాలుంటే అది మీ మీదికే వస్తుంది.

అసలు దోషి మాత్రం అడుగు పొర. మంచు పలచగా ఉండి, రాత్రుళ్ళు ఆకాశం తేటగా, చలి గట్టిగా ఉంటే నేల దగ్గర సున్నా, పైన మైనస్ 15 ఉంటుంది. ప్రతి 10 సెంటీమీటర్లకీ ఒక డిగ్రీ మించి తేడా వస్తే లోపలి ఆవిరి పైకి లేచి, మంచు అతుక్కోని పలుకులవుతుంది. ఇసకపల్లి కొఠార్ల రాళ్ళుప్పు లాగా, పిడికిలి బిగించినా ముద్ద కాదు. హవల్దారు గారు పీట మీద గోధుమపిండి, దానిపైన రాళ్ళుప్పు పరిచి, ఆ పైన మళ్ళీ పిండి వేసి అదిమారు. పీట ఒక పక్క ఎత్తేసరికి పైపిండి మొత్తం అట్టులా జారింది. ఉప్పు లేకుండా చేస్తే అంత సులువుగా కదల్లేదు.

గాలి సంగతీ అంతే. సరుగుడు తోట వెనకవైపు ఇసక ఎలా మేటేస్తుందో, గాలి మరుగు వాలులో మంచు అలా మేటేస్తుంది. కొత్త మంచు పడకపోయినా సరే. కాళ్ళ కింద 'వుంఫ్' మని కుంగినా, నెర్రె పరిగెత్తినా, 24 గంటల్లో 30 సెంటీమీటర్లు పడినా ఆ వాలు ఎక్కొద్దు. చండీగఢ్ డీజీఆర్ఈ (మంచుచరియల ప్రమాదాన్ని అంచనా వేసే రక్షణశాఖ సంస్థ) బులెటిన్‌లో 5 స్థాయిలుంటాయి. 3 మధ్యలో ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక వెతకడం. పూడిపోయినవాళ్ళని 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంటకి ముగ్గురే. బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న పరికరం, పూడినవాళ్ళది సిగ్నల్ పంపుతుంది, వెతికేవాళ్ళది దాన్ని పట్టి దూరాన్ని అంకెల్లో చూపిస్తుంది. దాన్ని సంచిలో కట్టి పాతి సాధన చేశాం (తడి ఉప్పు ఇసక సిగ్నల్‌ని తగ్గిస్తుంది, అలకి దూరంగా పొడి ఇసకే మేలు). వెతికేటప్పుడు సెల్‌ఫోన్ బీకన్‌కి అర మీటరు దూరంలో ఉండాలి. దగ్గరికొచ్చాక బీకన్‌ని మంచుకి ఆనించి, తిప్పకుండా, మెల్లగా కదపండి. అందరం తప్పింది ఇక్కడే, తిప్పేస్తే అంకెలు గెంతులేస్తాయి. అతి తక్కువ అంకె వచ్చినచోట ప్రోబ్ (మంచులోకి పొడిచి చూసే పొడుగాటి కడ్డీ) దించి, తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో సుడి తిరుగుతూ పొడవండి. తగిలాక కడ్డీ తియ్యొద్దు. పైనుంచి తవ్వితే మనిషి మీదే నిలబడి ఊపిరాడే కాస్త ఖాళీనీ తొక్కేస్తాం. పూడిన లోతుకి ఒకటిన్నర రెట్ల దూరం వాలు కిందివైపు నుంచి మొదలెట్టి అడ్డంగా తవ్వుకుపోవాలి. బీకన్‌లో ఆల్కలైన్ బ్యాటరీలే వెయ్యండి, రీఛార్జబుల్‌వి మిగిలిన చార్జి తప్పు చూపిస్తాయి.

వలల పని మధ్యలో గుంటలు తవ్వుకోనిచ్చిన మైపాడు మత్స్యకారులకీ దండాలు. అన్నా, గుంటలన్నీ పూడ్చాం. మా పార ఒకటి మీ పడవలో ఉండిపోయింది, వచ్చే ఆదివారం వచ్చి తీసుకుంటాం.