పద్మకి ఉత్తరం: తప్పు నీ మాటది కాదే

ఒసేయ్ పద్మా,

ఆలస్యానికి ముందే క్షమించెయ్. ఆదివారం నువ్వు పంపిన ఫోటోకి బుధవారం జవాబు రాస్తున్నా. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో ఏడుపు మొదలెడతావ్, అందుకే కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నా. ఇక్కడ అందరం కులాసా. అత్తయ్యగారి మోకాలు నయం, పెద్దాడి పరీక్షలు అయిపోయాయి, కందిపొడి కొరియర్లో వేశాను. కబుర్లింతే.

ఇప్పుడు అసలు సంగతి. "నాకు మాట్లాడటం రాదు, ఇంక ఈ డబ్బాల పార్టీలు నావల్ల కాదు" అని రాశావు కదా. ఒకరింట్లో నలుగురిని పిలిపించి ప్లాస్టిక్ డబ్బాలు చూపించి అమ్మే ఈ పనిలో నీ మాట పనికిరాదనుకుంటున్నావు, నువ్వు పంపిన ఆర్డర్ కాగితమే అది తప్పని చెబుతోంది! నాలుగు ఆర్డర్లు: 1,140, 780, 540, 300. మొత్తం 2,760. పిలిచింది 22 మందిని, వచ్చింది ఆరుగురు. ఆరుగురిలో నలుగురు కొన్నారే పిచ్చిదానా! సగటున 690 పెట్టారు. మాట్లాడటం రానిదాని ముందు ముగ్గురిలో ఇద్దరు పర్సు తీస్తారా?

అమ్మకం తగ్గిందంటే అదొక్కటే జబ్బు అనుకుంటాం. లోపల మూడుంటాయి. వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్లలో కొన్నవాళ్లు ఎంతమంది, కొన్నవాళ్లు తలా ఎంత పెట్టారు. ఈ మూడూ గుణిస్తేనే నీ మొత్తం. ఏది పడిపోయిందో చూడకుండా మందు వేస్తే అది ఇంకో చోట పనిచేస్తుంది. నీకు పడిపోయింది మొదటిది. అదే లెక్కన పన్నెండుమంది వచ్చుంటే ఎనిమిది ఆర్డర్లు, 5,520 రూపాయలు. ఇల్లు ఇచ్చి అందరినీ పిలిచిన ఆవిడకి, అమ్మకం 5,000 దాటితే వచ్చే గిఫ్టూ వచ్చేది, ఆవిడ మొహమూ వాడేది కాదు.

మరి ఎందుకు రాలేదు? అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకే ఒక్క మెసేజ్ పెట్టారట. దానికి పదిహేను బొటనవేళ్లు వచ్చాయని మురిసిపోయావు. బొటనవేలంటే "చూశాను" అని, "వస్తాను" అని దాని అర్థం కాదు. పైగా నెలాఖరు శనివారం, సాయంత్రం ఐదు. మగవాళ్లు ఇంట్లో ఉంటారు, పిల్లలు ఉంటారు, జీతాలు పడి ఉండవు. ఇంట్లో ఉండేవాళ్లకయితే మొదటివారంలో మామూలు రోజు, పదకొండు నుంచి పన్నెండున్నర. ఉద్యోగాలవాళ్లకయితే ఆదివారం నాలుగింటికి. రెండు రకాలనీ ఒకే పార్టీలో కలపొద్దు, ఎవరికీ కుదరదు.

ఈసారి పార్టీ పెట్టే ఆవిడ దగ్గరికి పదిరోజుల ముందే వెళ్లు, చేతిలో తెల్లకాగితం పట్టుకుని. "ఎవరిని పిలుస్తారు?" అని అడిగితే ఆరు పేర్లు చెప్పి ఆగిపోతారు. గుంపులు గుంపులుగా అడుగు. మెట్ల మీద కనిపించేవాళ్లు, పిల్లల బస్సు దగ్గర నిలబడేవాళ్లు, వాకింగ్ తోడు, గుడి తోడు, చుట్టాలు, ఆవిడ చెల్లెలి స్నేహితులు. పాతిక పేర్లు వచ్చేదాకా లేవకు. పాతికమందిని పిలిస్తే పదిమంది రావడమే మంచి లెక్క. వారం ముందు ఆవిడే ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యాలి, నువ్వు చెయ్యకూడదు. రెండ్రోజుల ముందు విడివిడిగా మెసేజ్. ఆరోజు పొద్దున్న ఇంకో ఫోన్, అందులో "వస్తున్నావా?" అని అడగొద్దని చెప్పు. "నీకు నీలం టిఫిన్ డబ్బా పక్కన పెట్టించనా, ఎరుపుదా?" అని అడగమను. రంగు చెప్పినావిడ వస్తుంది.

ఇంకోటి, పిలుపులోనే వస్తువులు అమ్ముతారని చెప్పించు. ఊరికే పసుపు కుంకుమకి అని పిలిచి మధ్యలో ఆర్డర్ ఫారాలు తీస్తే జనం లోపల్లోపల మండిపోతారు, మళ్లీ ఆ గడప తొక్కరు. ఇలా షాపు లేకుండా నేరుగా అమ్మేవాళ్ల కోసం 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ కూడా అదే అంటాయి. నువ్వెవరు, ఏ కంపెనీ, ఏం అమ్ముతున్నావు అన్నది మొదట్లోనే నిజంగా, స్పష్టంగా చెప్పాలి. రాని పదహారుమంది తలుపులూ తడతానన్నావే, అదీ మానుకో. ఐడీ కార్డు, ముందుగా అనుకున్న టైము లేకుండా ఎవరింటికీ వెళ్లకూడదని అదే రూల్స్‌లో ఉంది. రూల్ సంగతి సరే, భోజనం మధ్యలో బెల్లు కొట్టినవాళ్ల దగ్గర ఎవరు కొంటారు చెప్పు?

అసలు ఈ ఇంటి పార్టీల పద్ధతి నిలబడిందే పిలిచే ఆవిడ మీద. టప్పర్‌వేర్ డబ్బాలు 1946లో అమెరికాలో వచ్చినప్పుడు షాపుల్లో కదల్లేదు, మూత ఎలా వెయ్యాలో కొనేవాళ్లకి తెలియలేదు మరి. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్లల్లో నలుగురిని కూర్చోబెట్టి చూపించడం మొదలెట్టాక అవే డబ్బాలు పరుగులు పెట్టాయి. 1951లో కంపెనీ వాటిని షాపుల్లోంచి తీసేసి పార్టీలకే వదిలింది. అంటే మూత వెయ్యడం చూపించడమే అమ్మకం. నువ్వు ముప్ఫై వస్తువులు పరిచావు చూడు, ఫోటోలో బల్ల కనపడటంలేదు. పన్నెండు చాలు.

ఆ మూత సంగతి విను, ఇది వదిలెయ్యకు. డబ్బాలో ముప్పావు వంతు నీళ్లు పొయ్యి. అంచు పొడిగుడ్డతో తుడువు. అంచు మీద నీటి చుక్కో నూనె జిడ్డో ఉంటే మూత జారుతుంది, అందరి ముందూ నీళ్లు కారతాయి. మూత చుట్టూ వేశాక మధ్యలో వేలితో నొక్కి, ఒక పక్క అంచు కొంచెం ఎత్తి, ఆ బుస్సుమనే గాలి పోనిచ్చి, మళ్లీ మూసెయ్. ఇక నువ్వు తిప్పి చూపించకు. వెనక కూర్చున్న ఆవిడ చేతికిచ్చి ఆవిణ్ణే బోర్లించమను. ఆ ఒక్క క్షణం నీ పది నిమిషాల మాటలకన్నా గట్టిది. వేడి వేడిది పోసి మూసి చూపించొద్దు, ఆవిరి మూతని లేపేస్తుంది. "సాంబారు పోస్తే పసుపు మరక పడుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. పడుతుందనే చెప్పు, చల్లారాక పొయ్యమను. మరక గురించి నిజం చెప్పినదాని దగ్గర మిగతా మాటలూ నమ్ముతారు.

ఆరుగురే వచ్చినరోజు ఏం చెయ్యాలంటావా? ఖాళీ కుర్చీలు లోపల పెట్టెయ్. మిగతావాళ్ల కోసం పావుగంటకి మించి చూడకు. నువ్వు ముప్పావుగంట ఆగావు, వచ్చినవాళ్లు అప్పటికే వాచీలు చూసుకుంటూ ఉంటారు. ఆర్డర్ ఫారం, పెన్ను కూర్చోగానే ఇచ్చెయ్, నచ్చింది గీత గీసుకుంటూ వింటారు. బజ్జీలు డెమో అయ్యాక పెట్టించు. నీ పార్టీలో ముందే మిరపకాయ బజ్జీలు వచ్చాయి, నూనె చేతులతో కేటలాగు ఎవరు ముట్టుకుంటారే? (మన హాస్టల్ రెండో అంతస్తు బజ్జీలు గుర్తొచ్చాయా? నాకూ.) ఆర్డర్ రాయడం మాత్రం గుంపులో వద్దు. ఓ మూల రెండు కుర్చీలు వేసి ఒక్కొక్కరినీ పిలువు. "నేను చిన్నదే తీసుకుంటా" అని పదిమంది ముందు చెప్పలేక అసలు తీసుకోనివాళ్లుంటారు. అక్కడే రెండో ప్రశ్న అడుగు, "మీ ఇంట్లో పెడితే ఎవరెవరు వస్తారు?" అని. "పార్టీ పెడతారా?" అంటే వద్దంటారు, ఎవరొస్తారంటే పేర్లు చెబుతారు. 2,760 వచ్చిన రోజున కూడా ఇద్దరు వాళ్లింట్లో పార్టీకి ఒప్పుకుంటే అది మంచిరోజే.

జనం వచ్చి కూడా కొనకపోతే జబ్బు డెమోలో ఉంటుంది, సగటు తగ్గితే ముందు చూపించిన వస్తువులో ఉంటుంది. ఆ రెండూ నీకు లేవు కాబట్టి ఇంకోసారి రాస్తా.

ఇప్పుడు ఈ వారం. ఆర్డర్ ఇంకా పంపలేదన్నావు, శనివారం దాకా ఆపు. పార్టీ పెట్టిన ఆవిడకి గిఫ్టు రావాలంటే 5,000 కావాలి, ఇంకా 2,240 తగ్గింది. రాని పదహారుమందిలో నలుగురు తలా 560 పెడితే సరిపోయింది. కేటలాగు ఆవిడ చేతే పంపించు, "శనివారం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది" అని టైముతో సహా. వచ్చి కొనని ఇద్దరికీ నువ్వే ఫోన్ చెయ్, "ఎందుకు తీసుకోలేదు?" అనకు, "చూసినవాటిలో ఏది నచ్చింది?" అను.

కంపెనీ పనిలో నీ పైనున్నావిడ "తగ్గిన ఆర్డర్ నీ పేరు మీద రాసేసుకో, టార్గెట్ అయిపోతుంది" అందన్నావే, అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. వద్దు పద్మా, వద్దు. నీకు 20 శాతం మిగులుతుందనుకో, ఈ పార్టీలో నీ సంపాదన 552. ఆ 2,240 నువ్వే నింపితే నీ మార్జిన్ పోను చేతినుంచి పోయేది 1,792. ఆ డబ్బాలు నీ అటక మీద ఉంటాయి, మీ ఆయన మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు. డిస్కౌంటూ ఇవ్వకు. ఒకరికి 50 తగ్గించావంటే ఆ మెట్ల మీద అందరికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది, ముందు కొన్న నలుగురూ నిన్నే తిట్టుకుంటారు.

నువ్వు ఏడవొద్దే. ఆ 690 సగటు చూసి నాకు గర్వంగా ఉంది, నిజంగా. మన హాస్టల్ పచ్చ గొడుగు మీద ఒట్టు.

డెలివరీ రోజు గురించి ఇంకా చాలా ఉంది, సామాను సంచీలో పెట్టి ఇచ్చేసి రావొద్దు, ఒక్కో డబ్బా తీసి మూత చూపించి ఇవ్వు, అప్పుడే పక్కింటావిడ వచ్చి... అయ్యో, ఆటో వచ్చేసింది, కింద హారన్ కొడుతున్నాడు. శనివారం రాత్రి లెక్క పంపు, ఎంత వచ్చినా సరే.

నీ
హాస్టల్ మూడో గ్లాసు