వేలిముద్రలు తిరుపతిలోనే తీసుకోవాలి

సంపాదకులకు నమస్కారం. తరచూ విదేశాలకు వెళ్లివచ్చే భారతీయుల కోసం కేంద్రం 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రారంభించి, 2025 జనవరిలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ సహా మరో 7 విమానాశ్రయాలకు విస్తరించిన ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ పథకం ఉచితమే అయినా, దాని గురించి మన ఊళ్లో తెలిసినవారు తక్కువే. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, అనుమతి వచ్చాక వేలిముద్రలు, ఫొటో ఇస్తే, 5 ఏళ్లపాటు లేదా పాస్‌పోర్టు గడువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకు, ఇమిగ్రేషన్ (దేశం దాటేటప్పుడు జరిగే పాస్‌పోర్టు తనిఖీ) వరుసలో నిలబడకుండా ఈ-గేట్ల, అంటే ఆ తనిఖీని యంత్రమే చేసే ద్వారాల, గుండా వెళ్లవచ్చు. (భద్రతా తనిఖీ మాత్రం అందరితోపాటే, అదీ తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.) అయితే అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలు ఆ వేలిముద్రల కోసం చెన్నై దాకా వెళ్లడమో, ప్రయాణం రోజు హడావిడిలో విమానాశ్రయంలో ఇవ్వడమో కష్టమే కాబట్టి, తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఆ ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి