హాలు గోడకు ఏ రంగు?

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందింది. కొత్త ఇంటి హాలుకు ఏ రంగు వేయాలో చెప్పమన్నావు. పనిలో పనిగా “అసలు ఇళ్ల అలంకరణకు నీకీ ఆలోచనలు ఎక్కడ దొరుకుతాయిరా?” అని చురక కూడా అంటించావు. రంగు సంగతి తర్వాత, ముందు చురక సంగతి చూద్దాం.

లేపాక్షి వెళ్లినవాళ్లంతా వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, నంది ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. నువ్వూ అంతే చేసి ఉంటావు. ఈసారి మెడ నొప్పి పుట్టినా సరే, వీరభద్రస్వామి గుడి కప్పు మీది పదహారో శతాబ్దపు బొమ్మలు చూడు. వాటిలో ఆడవాళ్ల చీరలు చూడు: ఒకదానికి గళ్లు, ఒకదానికి చారలు, ఇంకోదానికి పువ్వులు. అంత సందడి ఉన్నా కన్ను అలసిపోదు, ఎందుకంటే వాడిన రంగులు గుప్పెడే. ఎర్రమన్ను, పసుపు, నలుపు, తెలుపు, కాస్త ఆకుపచ్చ. రంగులు అదుపులో ఉంటే డిజైన్లు ఎన్ని కలిపినా చెల్లుతుందని నేను నేర్చుకున్నది అక్కడే. కాలేజీలో మాత్రం కాదు!

ఆ తర్వాత చిత్రకారుడు తోట వైకుంఠం. బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నా, ఆయన కుంచె తన ఊరి ఆడవాళ్లను వదలలేదు. నుదుట పెద్ద బొట్టు, ఒంటి మీద భగ్గుమనే ఎర్రచీర. ఆ ఎరుపు నిలబడేది పక్కనున్న చామనఛాయ వల్ల. ఎర్ర గోడ అనగానే హడలిపోయేవాళ్లకు, దాని పక్కన ముదురు టేకు పలక ఆనించి చూపిస్తాను. సగం మంది అక్కడే మెత్తబడతారు.

నేల విషయానికొస్తే, నా మనసు తమిళనాడులో కారైకుడి దగ్గరి ఆత్తంగుడిలోనే ఉంది. అక్కడ నేల టైల్స్ చేతితో చేస్తారు: గాజు పలక మీద అచ్చు పెట్టి, గళ్లలో రంగు సిమెంటు పోస్తారు. అచ్చు తీశాక పైన పొడి సిమెంటూ ఇసుకా, ఆపైన తడి సిమెంటు. తర్వాత నీళ్లలో నానబెడతారు. బట్టీ లేదు, కాల్చడం లేదు. ఆ నునుపంతా గాజుదే. పైగా నడిచేకొద్దీ మెరుపు పెరుగుతుంది. కానీ పులుపు తగిలితే మచ్చ పడుతుంది కాబట్టి, చింతపండు పులుసు లేనిదే ముద్ద దిగని మన వంటిళ్లలో మాత్రం వేయనివ్వను.

శ్రీలంకలో జెఫ్రీ బావా తోట లునుగంగ గురించి మొదలుపెడితే కాగితాలు చాలవు. వకీలుగా మొదలై, ముప్పై ఎనిమిదో ఏట ఆర్కిటెక్టు అయిన మనిషి! మన వయసుకు కాస్త ధైర్యం.

ఇక నీ హాలు. పడమటి ఎండ తగిలే గోడ అయితే ఎరుపు మాట ఎత్తకు, సాయంత్రానికి కుంపటిలా ఉంటుంది. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో రాయి. చెల్లెమ్మ సోఫాకు ఎంచిన గుడ్డ ముక్కొకటి కవరులో పెట్టి పంపు. అది చూడకుండా రంగు చెప్పను.

నీ
మురళి