2024–25 వార్షిక నివేదిక: మన వేటకుక్కలు, మన పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా మనసులో ఉన్న బాధ చెప్పేస్తాను. ఆదివారం ఉదయం కుక్కల పరుగుకు పిల్లలు రావడం లేదు. తమిళనాడులోని రాజపాళయం నుంచి చదువులకూ ఉద్యోగాలకూ చెన్నై వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలం మనం. అడవిపందికి ఎదురు నిలిచే రాజపాళయం కుక్క మన ఊరి పేరుతోనే పుట్టింది. కుందేలును కంటితో చూసి తరిమే చిప్పిపారై జాతి కుక్క కూడా మనకు కొత్త కాదు. అయినా మన పిల్లల్లో చాలామందికి ఈ రెండింటికీ తేడా తెలియదు.

ఊరికి వెళ్ళి ఒక్కసారైనా నిజం వేట చూపిస్తే పిల్లలకు ఆసక్తి పుడుతుందని సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును వేటాడినా నేరమే, అది మన సొంత పొలంలోనైనా సరే. ఈ మాటలో మార్పు ఉండదు. వేట ఆగినందుకు నాకు దిగులు లేదు. కుక్క మనసు తెలుసుకునే విద్య దాంతోపాటే పోతోందని దిగులు.

నవంబరులో శివారు తోటలో పరుగు పెట్టాం. తాడుకు గుడ్డమూట కట్టి మోటారుతో లాగితే చిప్పిపారై దాని వెంట దూసుకుపోయింది. ఆగాక ముందు కాలు నేల మీద ఆనించలేదు. ఫోన్‌లో వీడియో తీస్తున్న పదమూడేళ్ళ కుర్రాణ్ణి మన పెద్దాయన ఒకరు పిలిచారు. "ఒరేయ్ అబ్బాయ్, ఫోన్ జేబులో పెట్టి ఇక్కడ వేలు పెట్టు." వేళ్ళ సందులో తుమ్మముల్లు, పైకి కనబడదు. నొక్కుతూ పోతే ఒకచోట కుక్క చెవులు వెనక్కి వాల్చింది. ముల్లు అక్కడే ఉంది. కుర్రాడే తీశాడు, ఆముదం రాశాడు. తర్వాత రెండు ఆదివారాలు వచ్చి, ట్యూషన్ ఉందని మానేశాడు. వాడి తప్పేం లేదు, తల్లిదండ్రులను అడగాల్సింది మనమే.

వేళచ్చేరిలో మన సభ్యుల అమ్మాయి ఒక చెవిటి రాజపాళయం కూనను పెంచుతోంది. ఈ జాతి తెల్ల కూనల్లో పుట్టు చెవుడు కనబడుతుంటుంది, తెల్లటి ఒంటికీ దానికీ సంబంధం ఉంది. ఆ అమ్మాయి కాలితో నేలను తట్టి కూనను తనవైపు తిప్పుకుంటుంది. అరచెయ్యి చూపిస్తే కూర్చుంటుంది, చెయ్యి గుండెకు ఆనిస్తే పరుగెత్తుకొస్తుంది. ఎవరూ నేర్పకుండానే తనంతట తాను కనిపెట్టింది. ఈ ఏడాది మనం గర్వపడాల్సింది ఈ అమ్మాయిని చూసే.

2005 జనవరిలో తపాలా శాఖ రాజపాళయం కుక్క మీద స్టాంపు వేసింది. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో రాజపాళయంతోపాటు చిప్పిపారై, కన్ని, కొంబై అనే తమిళనాడు కుక్కజాతుల పేర్లు కూడా చెప్పారు. అప్పుడు ఫోన్లు చేసి కూన కావాలన్నవాళ్ళలో చాలామంది ఫ్లాట్లలో ఉన్నవాళ్ళే. రోజూ పరుగెత్తించే చోటు లేకపోతే ఈ కుక్కలను తీసుకోవద్దనే చెప్పాం. అపార్ట్‌మెంట్‌లో కుక్కే వద్దంటున్నారని ఇద్దరు సభ్యులు ఫిర్యాదు చేశారు. నివాసుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. ఆ ప్రతి కార్యాలయంలో ఉంది.

జమాఖర్చులు విడిగా జతచేశాం.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం ఆరింటికి అదే తోటలో పరుగు. కార్పొరేషన్ లైసెన్సు, రేబిస్ టీకా కార్డు తప్పనిసరి. కుక్క లేకపోయినా పిల్లలను తీసుకురండి. ముల్లు తీయడం నేర్పించడానికి పెద్దాయన వస్తానన్నారు.

– కార్యదర్శి